పాతదే పనికొస్తుంది

నాలుగో బోల్టు మొరాయించింది. మొదటి మూడూ పది నంబరు స్పానర్‌కు మర్యాదగా లొంగి వచ్చాయి కానీ ఇది మాత్రం ఉన్నచోటే బిగుసుకుని కూర్చుంది. లిఫ్టాయన దాని మీద బలం పెట్టలేదు. బలం పెడితే బోల్టు తల చేతికొచ్చి ఒళ్లు లోపలే ఉండిపోతుందని చాలా ఏళ్ల కిందట ఒకసారి నేర్చుకున్నాడు. స్క్రూడ్రైవర్ చెక్క పిడితో దాని తల మీద మెల్లగా రెండు దెబ్బలు వేసి, ఓ క్షణం ఆగి, మళ్లీ తిప్పాడు. కిర్రుమంది. ఆ తర్వాత ఏమీ ఎరగనట్టు సులువుగా తిరిగి వచ్చేసింది. దాన్ని గుడ్డతో తుడిచి, పక్కనున్న అట్టముక్క నాలుగో చిల్లులో గుచ్చాడు. ఏ బోల్టు ఎక్కణ్నుంచి వచ్చిందో మళ్లీ అక్కడికే వెళ్లాలి. ఎవరూ చెప్పిన నియమం కాదు, తనే పెట్టుకున్నాడు.

పొద్దున్న ఎనిమిదిన్నర. వారంలో అతనికి సెలవు రోజు. ఇంటి ముందు రేకుల షెడ్డులో కారు బానెట్ ఎత్తి ఉంది. ఆ కారుది ఒకప్పుడు నీలం రంగు. ఇప్పుడు ఏ రంగని అడిగితే కాసేపు చూసి గానీ చెప్పలేరు. నేల మీద పాత పేపర్లు పరిచి ఉన్నాయి. ప్లగ్గు వైర్లు నాలుగింటికీ తెల్ల టేపు చుట్టి, ఒకటి, రెండు, మూడు, నాలుగు అని పెన్నుతో రాసి, పక్కకు తప్పించి పెట్టాడు. మిగిలిన బోల్టులు కూడా ఒక్కొక్కటే వచ్చి అట్టముక్క మీద వరసలో నిలబడ్డాయి.

మొన్న అత్తగారిని కళ్ల డాక్టరుకు చూపించి తీసుకొస్తుంటే కారు లోపలికి కమురు వాసన వచ్చింది. ఇంజను మీద మూతలా ఉండే ట్యాపెట్ కవర్ అంచున ఆయిలు చెమటలా పట్టి, బొట్టు బొట్టుగా జారి వేడి సైలెన్సర్ పైపు మీద పడుతోంది. పడిన బొట్టల్లా పొగ. ఆవిడ చేతిరుమాలు ముక్కుకు అడ్డం పెట్టుకుని దారంతా దగ్గింది. ఆ కవరుకీ ఇంజనుకీ మధ్య చట్రంలా ఒక రబ్బరు గాస్కెట్ ఉంటుంది. ఆయిలును లోపల ఆపడమే దాని పని. అది బిగువు తప్పిందన్నమాట.

ఈ రోజు మధ్యాహ్నం రెండింటికి బయల్దేరాలి. రెండు గంటల ప్రయాణం. అత్తగారిని ఆవిడ కొడుకు ఇంట్లో దింపి రావాలి. ఇదివరకూ రెండుమూడు సార్లు దింపాడు, నాలుగు రోజులాగి మళ్లీ తెచ్చుకున్నాడు. ఈసారి దింపడమే, తెచ్చుకోవడం లేదు.

కవర్ ఊడి రాలేదు. అంచులో స్క్రూడ్రైవర్ దూర్చి ఎత్తితే వచ్చేస్తుంది. కానీ లోహానికి గీత పడుతుంది, ఆ గీతలోంచి మళ్లీ ఆయిలు కారుతుంది. అందుకని అరచేత్తో ఇటు నుంచి ఓసారి, అటు నుంచి ఓసారి తట్టాడు. తడుతూనే ఉన్నాడు. చివరికి చప్‌మని విడివడింది. దాన్ని రెండు చేతులా ఎత్తి, బోర్లించి, గాడిలో ఇరుక్కున్న గాస్కెట్‌ను ఒక మూల నుంచి వేలితో లాగుతూ మొత్తం బయటికి తీశాడు. సాగదీయకుండా తీశాడు. అది నల్లగా, సన్నగా, పొడుగ్గా అతని రెండు చేతుల మధ్య వేలాడింది.

*

ఏడంతస్తుల ఆఫీసు భవనంలో ఇరవై తొమ్మిదేళ్లుగా లిఫ్టు నడుపుతున్నాడు కాబట్టి లిఫ్టాయన. నడపడమంటే స్టూలు మీద కూర్చుని నంబర్లు నొక్కడం. రోజంతా పైకీ కిందికీ ప్రయాణం చేసి, సాయంత్రం పొద్దున్న ఎక్కినచోటే దిగేవాడు. ఆ భవనంలో అతని వీపు ఎరగనివాళ్లు లేరు. ముఖం ఎలా ఉంటుందని అడిగితే మాత్రం చాలామంది తడుముకుంటారు. రెండేళ్ల కిందట కొత్త లిఫ్టు వచ్చింది. ఎక్కేవాళ్లే నొక్కుకుంటున్నారు. అతని ఉద్యోగం తీసేయలేదు. స్టూలు తీసి బయట వేశారు, అంతే. ఇప్పుడు తలుపు పక్కన కూర్చుని, లిఫ్టు వచ్చిందని, అది వచ్చాక, అందరికీ చెబుతుంటాడు.

పెళ్లి కూడా ఆ లిఫ్టులోనే కుదిరిందని తోటివాళ్లు వేళాకోళం చేసేవాళ్లు. నాలుగో అంతస్తులో టెలిఫోన్ల దగ్గర పనిచేసే ఒకావిడ రోజూ ఎక్కి "నాలుగు" అనేది. కొన్నాళ్లకు ఆవిడ అనకముందే నొక్కడం మొదలుపెట్టాడు. ఇంకొన్నాళ్లకు పెళ్లయింది. ఇద్దరికీ పెద్దగా మాటలు లేకుండానే అయింది.

కారు ఆవిడదే. ఎవరో వాడి వదిలేసిన దాన్ని ఆవిడ కొనుక్కుంది, ఆవిడే నేర్చుకుంది, ఆవిడే నడిపేది. అతను పక్క సీట్లో కూర్చునేవాడు. పైకీ కిందికీ తప్ప ముందుకు వెళ్లడం అతనికి కొత్త అని ఆవిడ నవ్వేది. పిల్లలు కలగలేదు. తొమ్మిదేళ్ల కిందట ఆవిడకు జబ్బు చేసింది. ఐదు నెలలు. ఆ ఐదు నెలలూ కూతుర్ని చూసుకోవడానికి తల్లి ఒక సంచీతో వచ్చింది. కూతురు పోయింది. తల్లి ఉండిపోయింది. వెళ్లమని ఎవరూ అనలేదు. ఉండమని కూడా ఎవరూ అనలేదు. పదో రోజో పదిహేనో రోజో అతను డ్యూటీ నుంచి వచ్చేసరికి తలుపు తీసే ఉంది, లోపల దీపం వెలుగుతోంది. అతను చెప్పులు విప్పి లోపలికి వెళ్లాడు. అప్పట్నుంచీ అంతే.

భార్య పోయాక అతను కారు నడపడం నేర్చుకున్నాడు. డాష్‌బోర్డులో ఆవిడ దాచుకున్న, కారుతో పాటు వచ్చిన పుస్తకం ఉంది. మొదట బొమ్మలు చూశాడు. తర్వాత చదివాడు. ఆ తర్వాత సెలవు రోజున స్పానర్ పట్టుకున్నాడు. దిగులు మరిచిపోవడానికి చేస్తున్నాడని చుట్టుపక్కలవాళ్లు అనుకున్నారు. దిగులో కాదో అతనికీ తెలియదు. ఒక బోల్టు తీయడం, తుడవడం, మళ్లీ పెట్టడం. చేస్తున్నంతసేపూ ఇంకేమీ ఉండేది కాదు. అది చాలనిపించేది.

గాస్కెట్ల సంగతి కూడా అలా చేతులతోనే తెలిసింది. ఇంజను హెడ్డు కింద ఉండేది ఒకసారి నొక్కుకుందంటే ఇక దానితో రెండో మాట లేదు, కొత్తది వేయాల్సిందే. కాగితపువి గీకితే గానీ రావు, గీకితే మిగలవు. ఆయిలు బోల్టు కింది రాగి బిళ్లను ఎర్రగా కాల్చి నీళ్లలో వేస్తే మెత్తబడి మళ్లీ పనికొస్తుంది. మొదటిసారి అతను ఆ బిళ్లను పటకారుతో పట్టుకుని వంటింటి పొయ్యి మీద కాలుస్తుంటే అత్తగారు వెనక నిలబడి చాలాసేపు చూసింది. చూసి, "ఉడికిందా బాబూ?" అంది. ఆ ఇంట్లో కూతురు పోయాక ఆవిడ వేసిన మొదటి జోకు అది. అతనికి నవ్వు వచ్చింది కానీ ముఖం మీదికి రావడానికి ఆలస్యమైంది. అప్పటికి ఆవిడ అక్కణ్నుంచి వెళ్లిపోయింది.

రబ్బరువి మాత్రం ఏది ఎంతకాలం పనికొస్తుందో పుస్తకం చెప్పదు. పట్టుకుని చూడాలి.

*

పది గంటలకు గాస్కెట్‌ను పేపర్లో చుట్టుకుని స్పేర్ పార్టుల దుకాణానికి నడిచి వెళ్లాడు. దుకాణంలో గోడ నిండా మేకులు, మేకుల నిండా బెల్టులు, ప్యాకింగులు వేలాడుతున్నాయి. దుకాణదారు అతని చేతిలోది తీసుకుని, కొలిచినట్టు గాల్లో పట్టుకుని, బల్ల మీద పెట్టి వెనక్కి వెళ్లి, ఉత్త చేతులతో వచ్చాడు.

"మీ మోడల్‌ది లేదు. రేపు పొద్దున్న సరుకు వస్తుంది, అందులో ఉంటుంది. పక్కన పెట్టమంటారా?"

"ఈ రోజు కావాలి."

"ఈ రోజు ఎక్కడా దొరకదు. ఆ బండ్లు ఇప్పుడెవరి దగ్గరున్నాయని?" అని, బల్ల మీది పాతదాన్ని మళ్లీ చూశాడు. "దీంతో నడపకండి. ఒక పూట ఆగితే పోయేదేముంది?"

లిఫ్టాయన దాన్ని మళ్లీ చుట్టుకున్నాడు. ఒక చిన్న సీలెంట్ గమ్ ట్యూబు కొన్నాడు. "చూస్తాను" అని వచ్చేశాడు.

తిరిగి వస్తుంటే ఒక పూట ఆగితే పోయేదేముంది అన్న మాట అతని వెంటే వచ్చింది. ఏమీ పోదు. బావమరిదికి ఫోన్ చేసి, బండి బాగాలేదు రేపు వస్తామని చెబితే సరిపోతుంది. కానీ రేపు అతనికి డ్యూటీ. అయితే ఎల్లుండి. ఎల్లుండీ డ్యూటీయే. అయితే వచ్చే వారం. అక్కడి దాకా వచ్చి ఆలోచన దానంతట అదే ఆగిపోయింది. నంబరు నొక్కకుండా నిలబడ్డ లిఫ్టులా ఆగింది. అతను రోడ్డు దాటాడు.

అసలీ ప్రయాణం నిశ్చయమైన తీరు కూడా అలాంటిదే. నెల కిందట బావమరిది ఫోన్ చేశాడు. "బావా, కొత్త ఇంట్లోకి మారాం. అమ్మకి విడిగా గది ఉంది. అక్క పోయి తొమ్మిదేళ్లాయె. అమ్మని ఇంకా నీ మీద వదిలేసి కూర్చుంటే మాకేం బాగుంటుంది చెప్పు?" అన్నాడు. మంచివాడే. మంచిగానే అన్నాడు. అతను "అత్తయ్య ఇష్టం" అని ఫోన్ ఆవిడకిచ్చాడు. ఆవిడ విని, అతని వైపు చూసి, "అల్లుడిగారి ఇష్టం" అని ఫోన్ పెట్టేసింది. ఆ రెండు ఇష్టాలనూ కలిపి బావమరిది ఒప్పుకోలు అనుకున్నాడు. అతన్నీ తప్పుపట్టడానికి లేదు.

*

ఇంటికొచ్చేసరికి అత్తగారు షెడ్డు పక్కన వాకిట్లో కుర్చీ వేసుకుని కూర్చుని ఉంది. వెనక గుమ్మంలో ఆవిడ పెట్టె, దాని మీద ఒక సంచీ. వచ్చినప్పుడు తెచ్చుకున్న సంచీ కాదు, అది ఎప్పుడో చిరిగిపోయింది. పొట్టి మనిషి. కుర్చీలో కూర్చుంటే పాదాలు నేలకు ఆనీ ఆనకుండా ఉంటాయి. కంట్లో మందు వేసుకుందేమో, ఒక కన్ను మూసి రెండో కంటితో అతన్ని చూసింది.

"దొరికిందా?"

"లేదు అత్తయ్యా. రేపు వస్తుందట."

ఆవిడ మూసిన కన్ను తెరిచి, రెండు కళ్లతోనూ చూసి, అప్పుడంది. "అయితే రేపు వెళ్దాంలే."

"రేపు డ్యూటీ."

"ఎల్లుండి వెళ్దాం. నాకేం, అక్కడ ముహూర్తం ఏమన్నా పెట్టారా?"

అతను పేపరు విప్పి గాస్కెట్ తీశాడు. బకెట్లో సబ్బునీళ్లు కలిపి, మెత్తటి గుడ్డతో దాన్ని తుడవసాగాడు. పెట్రోలుతో తుడిస్తే రబ్బరు ఉబ్బుతుంది. సబ్బునీళ్లే మేలు. జిడ్డంతా వదిలాక మంచినీళ్లలో జాడించి, పొడిగుడ్డతో అద్ది, ఎండ తగిలేచోట పట్టుకుని పరీక్షగా చూశాడు. కారు ముందు వైపు ఉండే భాగం బాగానే ఉంది. గోటితో నొక్కితే గుంట పడింది, గోరు తీస్తే మెల్లగా పైకి లేచింది. ప్రాణం ఉన్నట్టే. సైలెన్సర్ వైపు ఉండే భాగం మాత్రం వేడికి గట్టిపడింది. అక్కడ రెండు వేళ్ల మధ్య పెట్టి వంచాడు. మూల దగ్గర వెంట్రుకంత చీలిక కనిపించింది. పైపైనే ఉంది, లోపలికంటా పోలేదు. ఇంకోసారి వంచి చూశాడు. పెరగలేదు.

ఆవిడ ఎప్పుడు లేచి వచ్చిందో తెలియదు, పక్కనే నిలబడి ఉంది. చేయి చాపింది. అతను ఇచ్చాడు. కంటికి దగ్గరగా పెట్టుకుని చూసింది. ఆ ఇంట్లో తొమ్మిదేళ్లుగా అతను విప్పినవీ, తొడిగినవీ ఎన్నో చూసింది కానీ ఏదీ ఎప్పుడూ చేతిలోకి తీసుకోలేదు.

"ఇక్కడ చిరిగింది కదా బాబూ."

"చిరగలేదు. బీట తీసింది."

"చిరిగినట్టే కదా."

"కాదు అత్తయ్యా."

"ఇది పనికొస్తుందంటావా?"

అతను ఆవిడ చేతిలోని గాస్కెట్ వైపు చూశాడు. రాదు అనొచ్చు. దుకాణదారు కూడా అదే అన్నాడు. ఎవరిని పిలిచి చూపించినా సగం మంది అదే అంటారు. కానీ అతని వేళ్లకు తెలుసు. మూలల్లో కాస్త గమ్ పెట్టి, బోల్టులు మధ్య నుంచి చివర్లకు సమానంగా బిగిస్తే అది ఇంకో ఏడాది ఆగుతుంది. ఇంతకు ముందు రెండుసార్లు తీసి మళ్లీ వేసిందే.

"వస్తుంది" అన్నాడు.

"నిజంగానా?"

"కొంచెం గమ్ పెడితే వస్తుంది."

ఆవిడ ఇంకాసేపు దాన్ని పట్టుకునే ఉంది. తర్వాత అతని చేతిలో పెట్టేసింది. "సరే మరి. నీకు తెలియనిదా" అంది. లోపలికి వెళ్లింది. కుళాయి తిప్పిన చప్పుడు, ఆగిన చప్పుడు వినిపించాయి.

అతను గాడిని గుడ్డతో తుడిచాడు. గాస్కెట్‌ను గాడిలో ఒక మూల నుంచి మొదలుపెట్టి వేలితో నొక్కుకుంటూ కూర్చోబెట్టాడు. నాలుగు మూలల్లోనూ శనగగింజంత గమ్ పెట్టాడు. బీట దగ్గర సన్నగా పూశాడు. కవర్‌ను ఎత్తి ఇంజను మీద దించాడు. అట్టముక్క నుంచి మధ్య బోల్టు తీసి పెట్టాడు. రెండోది పెడుతుండగా, ఆవిడ అడిగింది గాస్కెట్ గురించి కాదని అతనికి అర్థమైంది.

చేయి ఆగలేదు. మొదట మధ్యవి, తర్వాత ఎదురెదురుగా ఉన్నవి, ఆ తర్వాత చివరివి. ఒక్కోదాన్నీ పావు చుట్టు, మళ్లీ పావు చుట్టు. ఎక్కువ బిగిస్తే గాస్కెట్ నలిగి బయటికి తోసుకొస్తుంది. తక్కువైతే కారుతుంది. లేచి లోపలికి వెళ్లి ఒక మాట అంటే సరిపోతుందని తెలుసు. ఆ మాట ఏమిటో కూడా తెలుసు, చిన్నదే. కానీ ఇన్నేళ్లూ ఎవరు ఏ అంతస్తు అంటే ఆ అంతస్తు నొక్కినవాడు. తనంతట తాను ఎవరితోనూ, ఉండండి, ఇక్కడే దిగండి అని అన్నవాడు కాదు. లోపల ఎక్కడో ఏదో కదిలినట్టే అనిపించింది గానీ అది బాధో, ఆకలో, వంగి పనిచేసిన నడుం నొప్పో తేల్చుకోలేకపోయాడు. ప్లగ్గు వైర్లు తగిలించాడు. ఒకటి, రెండు, మూడు, నాలుగు.

*

గమ్ ఆరడానికి గంటన్నర పడుతుంది. ఇద్దరూ భోజనానికి కూర్చున్నారు. ఆవిడ వడ్డిస్తూ చెప్పాల్సినవి చెప్పింది. గ్యాసు మార్చినప్పుడు రబ్బరు ట్యూబు ఓసారి చూసుకోమంది. తెల్ల డబ్బాలో ఉప్పు, పచ్చ డబ్బాలో చక్కెర, రెండూ పక్కపక్కనే ఉంటాయి, చూసి వేసుకోమంది. పాలవాడికి రేపట్నుంచి ఒక్క ప్యాకెట్టే అని చెప్పేశానంది. కిటికీ కింద వచ్చే పిల్లికి రోజూ ఏదో ఒకటి వేయమంది, వేయకపోతే అరిచి చుట్టుపక్కలవాళ్ల నిద్ర చెడగొడుతుందంది. అతను అన్నిటికీ ఊఁ కొట్టాడు.

"ఊఁ కాదు. గుర్తుంటుందా?"

"ఉంటుంది అత్తయ్యా."

"నీకు గుర్తుండదు. బోల్టులైతే గుర్తుంటాయి" అంది. మజ్జిగ పోసింది. అతను తాగాడు.

ఒంటిగంటన్నరకు ఇంజను స్టార్ట్ చేశాడు. కవరు అంచు కింద ఒక తెల్లకాగితం పట్టుకుని, టార్చి వేసి, నాలుగు వైపులా చూశాడు. ఇంజను వేడెక్కేదాకా చూశాడు. కాగితం తెల్లగానే ఉంది. ఎప్పుడూ ఇలాంటప్పుడు వాకిట్లోకి చూసి చేయి ఊపేవాడు, ఆవిడ తల ఊపేది. ఈ రోజు ఆవిడ అప్పటికే పెట్టె పక్కన నిలబడి ఉంది. చేయి ఊపాల్సిన పని లేకపోయింది. పెట్టె డిక్కీలో పెట్టాడు. ఇంటికి తాళం ఆవిడే వేసి, తాళంచెవి అతని చేతికిచ్చింది.

దారిలో ఆవిడ కిటికీ అద్దం సగం దించుకుని కూర్చుంది. ఊరు దాటాక గాలి చల్లబడింది. రోడ్డుకు అటూ ఇటూ గోడౌన్లు, ఇటుక బట్టీలు, వాటి తర్వాత పొలాలు వచ్చాయి, పోయాయి. చాలాసేపటి తర్వాత ఆవిడ ముక్కు ఎగబీల్చి చూసింది.

"వాసన రావట్లేదు."

"రాదు."

"ఎప్పుడూ ఏదో ఒక యాగీ చేసే బండి, ఈ రోజు బుద్ధిమంతురాలైపోయింది."

అతను గేరు మార్చాడు.

"బాగా చేశావు బాబూ" అంది ఆవిడ, బయటికి చూస్తూ.

*

బావమరిది ఇల్లు రెండో అంతస్తులో ఉంది. లిఫ్టు లేదు. అతను పెట్టె మోసుకుంటూ ముందు ఎక్కాడు. ఆవిడ రెయిలింగ్ పట్టుకుని, మలుపు మలుపుకీ ఆగుతూ ఎక్కింది. బావమరిది, అతని భార్య గుమ్మంలోకి వచ్చి ఆప్యాయంగా లోపలికి తీసుకెళ్లారు. గది చూపించారు. గోడలకు కొత్త రంగు, వెలుతురు వచ్చే కిటికీ. మంచం మీద పరుపుకు ప్లాస్టిక్ కవరు ఇంకా తీయలేదు. ఆవిడ దాని అంచున కూర్చుంటే కరకరలాడింది. అందరూ నవ్వారు. ఆవిడా నవ్వింది.

టీ తాగుతూ బావమరిది అన్నాడు. "నువ్వు చేసింది కన్నకొడుకులు కూడా చేయరు బావా. నేనే చేయలేదు."

"నేనేం చేశాను" అన్నాడతను. మర్యాదకు అన్నది కాదు. నిజంగానే ఏం చేశాడో అతనికి తట్టలేదు.

"ఆ కారు ఇంకా ఎందుకు బావా? అమ్మేయొచ్చుగా. ఇక నీకు మాత్రం ఎక్కడికి వెళ్లే పనుంటుంది?"

"నడుస్తోంది కదా."

కప్పు కింద పెట్టి లేచాడు. ఆవిడ గుమ్మం దాకా వచ్చింది. కొడుకు ఒక పక్క, కోడలు ఒక పక్క. అతను చెప్పులు వేసుకుని, "వస్తాను అత్తయ్యా" అన్నాడు.

"మంచిది. జాగ్రత్తగా వెళ్లండి" అంది ఆవిడ.

వెళ్లండి. కూతురు బతికున్న రోజుల్లో ఆవిడ అతన్ని మీరు అనేది. అల్లుడుగారూ, కాఫీ తీసుకోండి. అల్లుడుగారూ, మీ కళ్లజోడు ఇక్కడుంది. కూతురు పోయాక ఏ రోజునో, ఇద్దరికీ తెలియకుండానే, అది నువ్వు అయింది, బాబూ అయింది. ఇప్పుడు కొడుకు ఇంటి గుమ్మంలో నిలబడి మళ్లీ వెళ్లండి అంది. అతను తల ఊపి మెట్లు దిగాడు. మొదటి మలుపు దగ్గర పైన తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. మెల్లగానే మూశారు.

తిరిగి వచ్చే దారి సగంలో కారు పక్కకు ఆపి బానెట్ ఎత్తాడు. కవరు అంచు వెంట వేలు పెట్టి చుట్టూ రాశాడు. వేలికి ఏమీ అంటలేదు. పొడిగా ఉంది. బీట ఉన్న మూల దగ్గర ఇంకోసారి రాశాడు. అక్కడా పొడిగానే ఉంది. బానెట్ దించకుండా అలాగే దానివైపు చూస్తూ నిలబడ్డాడు. ఎంతసేపు నిలబడ్డాడో, స్కూటర్ మీద పోతున్న ఒకాయన ఆగాడు.

"ఏమైనా ట్రబులా అండీ? మెకానిక్‌ని పంపించనా?"

"అక్కర్లేదండీ. ఏం లేదు, అంతా బాగానే ఉంది" అన్నాడు లిఫ్టాయన.

స్కూటరాయన అతని ముఖంలోకి ఒకసారి, ఇంజనులోకి ఒకసారి చూసి వెళ్లిపోయాడు. అతను బానెట్ దించి, రెండు చేతులా నొక్కి, కారెక్కాడు.

ఇల్లు చేరేసరికి ఇంకా వెలుతురు ఉంది. తాళం తీసి లోపలికి వెళ్లాడు. చొక్కా చేతుల అంచులకు నల్లటి ఆయిలు మరకలున్నాయి. రేపు డ్యూటీకి వేరే చొక్కా ఉంది, అయినా దీన్ని విప్పి, సబ్బు రుద్ది, ఉతికి, పిండి, చేత్తో పట్టుకుని పెరటి గుమ్మం దాటాడు. దాటుతూ తల వంచాడు. వంచినవాడు వంచినట్టే కాసేపు ఆగాడు.

దండెం అతని మెడ ఎత్తులో ఉంది. వచ్చిన కొత్తలో ఆవిడ తన చేతికి అందేలా ఆ గోడ మేకు నుంచి ఈ గోడ మేకుకు కట్టుకున్నది. అప్పట్నుంచీ అతను పెరట్లోకి వెళ్లినా, వచ్చినా తల వంచుతూనే ఉన్నాడు. వంచుతున్నానని ఎప్పుడూ అనుకోలేదు. ఇప్పుడు కావాలంటే రెండడుగులు పైకి కట్టుకోవచ్చు. పై మేకు కూడా ఉంది. చొక్కా భుజాన వేసుకుని ముడి మీద చేయి పెట్టాడు. ఎండకీ వానకీ బిగిసి రాయిలా అయింది. గోటితో ఒక పోగు లాగాడు, వదిలేశాడు. చొక్కా దులిపి దండెం మీద వేశాడు. నడుం దగ్గర మడిచి, ఆవిడ ఎలా వేసేదో అలాగే వేసి, లోపలికి వెళ్లి తలుపు దగ్గరికి వేశాడు.

పెరట్లో తడి చొక్కా బరువుకు తాడు మధ్యలో కొంచెం కిందికి దిగింది. గోడ పక్కన, చేయి చాస్తే పొట్టి మనిషికి అందేచోట, మూడు చెక్క క్లిప్పులు ఒకదాన్నొకటి ఆనుకుని తాడును కరిచిపట్టుకుని ఉన్నాయి.